అత్తగారికి ఒంట్లో బాగోలేదట!

1971 నవంబరు. విశాఖపట్నంలో సరుకులు సరఫరా చేసే కాంట్రాక్టర్లకు నౌకాదళం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. మాంసం, తాజా కూరగాయలు బాగా ఎక్కువ కావాలి, ఓడలు రేవుకు రాబోతున్నాయి, అన్నీ సిద్ధంగా ఉంచండి అని. ఆ రోజుల్లోనే ఓ నావికుడి పేరు మీద వైర్‌లెస్‌లో సొంత కబురొకటి వెళ్లింది. మా అమ్మకు జబ్బుగా ఉందట, ఎలా ఉందో కనుక్కుని చెప్పండి అని. రహస్య భాషలో కాదు, ఎవరైనా వినగలిగేలా మామూలుగానే పంపారు.

చూడ్డానికి రెండూ మన ఇళ్లలో రోజూ జరిగేవే. ఒకటి కూరగాయల లెక్క, ఇంకోటి అమ్మ ఆరోగ్యం. కానీ ఈ రెండూ శత్రువు కోసం వేసిన ఎరలంటే నమ్ముతారా?

అసలు సంగతేమిటంటే, మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. విక్రాంత్‌కేమో బాయిలర్ పగుళ్లిచ్చి పూర్తి వేగంతో పోలేని పరిస్థితి. దాన్ని అండమాన్ దీవుల వైపు దాచారు. ఘాజీకి మాత్రం అది విశాఖ దగ్గరే ఉందనిపించాలి. అప్పట్లో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే పాత ఓడను విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద ఓడ నుంచి వెళ్లినట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్లో శత్రువు మనుషులుంటే వాళ్ల చెవిన పడాలనే కూరగాయల ఆర్డరు. ఈ సంగతులన్నీ ఆయనే తర్వాత తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లోనే ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ ఛార్జీల వల్లేనని మనవాళ్లంటారు, అది వేసిన మైనే పేలిందని పాకిస్థాన్ వాళ్లంటారు. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

ఇంతకీ ఆడవాళ్ల పేజీలో ఈ యుద్ధం గోలేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాం.

మనకెక్కడ చేతనవుతుంది?

మీలో చాలామందికి రాయాలనే కోరిక ఉంటుంది. పిల్లల్ని బడికి పంపాక నోటుపుస్తకంలో నాలుగు పేజీలు గీకి, ఎవరూ చూడకుండా బట్టల బీరువాలో దాచేవాళ్లూ ఉంటారు. కుటుంబ కథైతే సరే, ప్రేమ కథైతే సరే. గూఢచారి కథ, అదీ సినిమాకి పనికొచ్చే కథ అనేసరికి మాత్రం, 'అమ్మో, మనకెక్కడ చేతనవుతుంది? తుపాకులు, విమానాలు, విదేశాలు... మనం చూశామా పెట్టామా' అని వెనక్కి తగ్గుతాం. చదవడానికైతే వెనకాడం. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌నీ, మధుబాబు షాడోనీ అద్దె పుస్తకాల షాపుల నుంచి తెచ్చుకుని, పొయ్యి మీద పప్పు మాడుతున్నా వదలకుండా చదివిన ఆడవాళ్లు ఎందరో!

నిజానికి గూఢచారి కథకు పెట్టుబడి తుపాకీ కాదు, అబద్ధం. పైకి ఒకటి కనిపిస్తూ లోపల ఇంకొకటి మోయడం. అప్పుల వాళ్లొస్తే ఆయన ఊళ్లో లేరని చెప్పడం దగ్గర్నుంచి, పుట్టింటి కష్టం అత్తింట్లో తెలియకుండా దాచుకోవడం దాకా ఈ విద్యలో మనకు తెలియనిదేముంది? కృష్ణన్‌గారికి కూడా సముద్రంలో శత్రువును మోసం చెయ్యడానికి పనికొచ్చినవి కూరగాయలూ, అమ్మ జబ్బూనే కదా!

'పాయింట్' అంటే ఏమిటి?

సినిమా వాళ్లు 'పాయింట్ ఏంటి?' అని అడుగుతారు. కొందరు 'లైన్' అంటారు. కథ మొత్తం మొలకెత్తే విత్తనం అది. ఒకటి రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. మీకో చిన్న పరీక్ష. పిట్టగోడ మీద నుంచి పక్కింటి వదినగారికి కథ చెప్పడం మొదలెట్టండి. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు ఆవిడ 'అయ్యో, అప్పుడేం చేసింది?' అని అడిగిందా, మీ దగ్గర పాయింట్ ఉన్నట్టే. 'ఆహా, అలాగా' అని లోపలికి వెళ్లిపోయిందా, ఇంకా లేనట్టే.

గూఢచారి కథ పాయింట్‌లో నాలుగు సంగతులు తేలాలి. ఎవరు దాస్తున్నారు? ఏం దాస్తున్నారు? ఎవరి దగ్గర దాస్తున్నారు? బయటపడితే ఏం పోతుంది? మొదటి రెండూ ఎవరైనా రాసేస్తారు. కథను నిలబెట్టేవి చివరి రెండే. దాచేది శత్రువు దగ్గరైతే అది ఉద్యోగం. ప్రేమించిన వాళ్ల దగ్గర దాచాల్సి వస్తే అది కథ.

మన కథలేం చెబుతున్నాయి?

భారతంలో కచుడి కథ గుర్తు చేసుకోండి. చచ్చినవాళ్లను బతికించే మృతసంజీవని విద్య రాక్షసగురువు శుక్రాచార్యుడి దగ్గరుంది. అది నేర్చుకు రమ్మని దేవతలు బృహస్పతి కొడుకు కచుణ్ణి పంపారు. అతను తన పేరేమీ దాచలేదు, వచ్చిన పని మాత్రం మనసులో పెట్టుకున్నాడు. శుక్రుడి కూతురు దేవయాని అతన్ని ప్రేమించింది. రాక్షసులు చంపినప్పుడల్లా ఆ పిల్లే తండ్రిని బతిమాలి బతికించింది. విద్య చేతికొచ్చాక అతను ఆమెను కాదని వెళ్లిపోయాడు. ఆ విద్య నీకు పనికిరాకుండా పోవాలని ఆమె శపించింది. పని నెరవేరింది, మనిషి మనసు విరిగింది. ఇప్పటి గూఢచారి సినిమాలు ఎన్ని చూసినా లోపలుండేది ఈ లెక్కే.

విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం ఇంకా చిత్రమైనది. చాణక్యుడికి శత్రుపక్షపు మంత్రి రాక్షసుణ్ణి చంపడం పెద్ద పని కాదు. కానీ అంత నమ్మకస్తుడు చంద్రగుప్తుడికి మంత్రిగా కావాలి. శత్రువును చంపకుండా మనవాణ్ణి చేసుకోవాలి, అదీ పాయింటు! ఆ కథ తిరిగే మలుపు ఎక్కడుందో చూడండి. రాక్షసుడి భార్య ఓ నగల వర్తకుడి ఇంట్లో తలదాచుకుంది. పసివాడు గుమ్మం దాటి బయటకు రాబోతే చెయ్యి చాచి లోపలికి లాగింది. మగవాడి వేలికి చేయించిన ఉంగరం కదా, వదులై జారి దొర్లుకుంటూ వెళ్లి చాణక్యుడి గూఢచారి కాళ్ల దగ్గర పడింది. ఆ ముద్రటుంగరంతోనే చాణక్యుడు వల పన్నాడు. ఒక తల్లి బిడ్డ కోసం చెయ్యి చాచడం వల్ల రాజ్యాల జాతకం మారింది.

ఇంత గంభీరం ఎందుకు, నవ్వుకోవాలంటే 1957 నాటి మాయాబజార్ ఉంది. పెళ్లివారింట్లో శశిరేఖ రూపంలో ఘటోత్కచుడు దూరడం గూఢచర్యం కాక మరేమిటి? పెళ్లికొడుకు కాలు తొక్కినప్పుడల్లా మనం నవ్వుతాం. ఎక్కడ దొరికిపోతాడోనన్న భయం లోపల ఉంటుంది కాబట్టే ఆ నవ్వు.

కృష్ణ నుంచి శోభిత దాకా

మన ప్రాంతానికీ ఈ కథలకీ చుట్టరికం కూడా ఉందండోయ్. పొన్నూరు నుంచి తెనాలి వెళితే, అక్కడికి దగ్గర్లోనే బుర్రిపాలెం. ఆ ఊరివాడే హీరో కృష్ణ. 1962లో మొదటి జేమ్స్ బాండ్ సినిమా వచ్చాక ప్రపంచమంతా గూఢచారుల మోజు పట్టింది. ఆ ఊపులో 1966లో వచ్చిన 'గూఢచారి 116' కృష్ణకు పెద్ద పేరు తెచ్చింది. ఇందులో ఆయన పక్కన జయలలిత నటించింది. అప్పట్లో జనానికి నచ్చింది వేషాలు, ఫైటింగులు, కొత్త కొత్త పరికరాలు.

2018లో అడివి శేష్ కథ అందించి నటించిన 'గూఢచారి' వచ్చింది. తెనాలిలో పుట్టిన శోభితా ధూళిపాళకు అది మొదటి తెలుగు సినిమా. ఇందులో పాయింట్ వేరు. గూఢచారిగా పనిచేస్తూ పోయాడనుకున్న తండ్రి బాటలో నడవాలని తపించే కుర్రాడు. పెంచినాయన వద్దంటున్నా వినడు. తీరా ఉద్యోగం దొరికాక, చెయ్యని హత్యలు అతని నెత్తిన పడతాయి. ఇక్కడ పోయేది ప్రాణం ఒక్కటే కాదు, తండ్రి మీద పెట్టుకున్న నమ్మకం కూడా. అందుకే ఫైట్ల మధ్యలో కూడా మనకు అతని బాధ తగులుతుంది.

అదే ఏడాది మేఘనా గుల్జార్ తీసిన హిందీ సినిమా 'రాజీ' వచ్చింది. హరీందర్ సిక్కా నవల దానికి ఆధారం. 1971 యుద్ధానికి ముందు ఓ కాశ్మీరీ అమ్మాయి పాకిస్థాన్ సైనికాధికారి ఇంటికి కోడలుగా వెళ్లి రహస్యాలు పంపిస్తుంది. అత్తింటివాళ్లు దుర్మార్గులైతే కథ సులువయ్యేది. వాళ్లు మంచివాళ్లు. మొగుడు ఇంకా మంచివాడు. అందుకే ఆ పిల్ల పంపే ప్రతి కబురూ మన గుండెల్లో గుచ్చుకుంటుంది. కొత్తకోడలిగా అత్తింట్లో అడుగుపెట్టి, ఎవరెలాంటివారో కళ్లతోనే పసిగట్టిన ఆడవాళ్లకు ఆ సినిమాలో తెలియనిదేముంది?

పొన్నూరులో ఓ కథ కడదాం

ఇప్పుడు మనమే ఓ పాయింట్ తయారుచేద్దాం. విశాఖలో నావికుడి పేరు మీద అమ్మ జబ్బు కబురు వెళ్లిందనుకున్నాం కదా. ఆ అమ్మ పొన్నూరులో ఉందనుకోండి. ఇక్కణ్ణుంచి అంతా మన కల్పనే.

మొదటి ప్రయత్నం. పొన్నూరులో శత్రువు మనిషి ఉన్నాడని తెలిసి ఓ అధికారి వస్తాడు, వెంటాడి పట్టుకుంటాడు. ఎలా ఉంది? చప్పగా ఉంది. ఆ అధికారికి పోయేదేమీ లేదు మరి. పట్టుకుంటే మెడలు, లేకపోతే ఇంకో ఊరు.

రెండో ప్రయత్నం. నావికుడి భార్య ఉంది. ముందు వాటాలో కొత్తగా అద్దెకు దిగినాయన పత్తి కొనే కంపెనీ గుమాస్తానంటాడు గానీ, ఆయన వాలకం ఆమెకు అనుమానంగా ఉంటుంది. ఇది కాస్త నయం. అయినా ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోందే తప్ప కథ ఆమె మీద పడలేదు.

మూడో ప్రయత్నం. ఓ సాయంత్రం నిడుబ్రోలు స్టేషన్లో రైలు దిగిన అధికారి ఒకాయన (పొన్నూరుకు రైలు దిగాలంటే నిడుబ్రోలు స్టేషనే మరి) దూరపు చుట్టంలా ఇంటికొచ్చి కోడలితో ఒక్క ముక్క చెబుతాడు. 'అమ్మా, ఓ పది రోజులు మీ అత్తగారికి జబ్బు. ఎందుకని అడక్కండి. ఎవరికీ చెప్పకండి. మీ ఆయన క్షేమం దీని మీదే ఉంది.'

అత్తగారేమో గుండులా ఉంది! కోతల రోజులు. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లించాలి, కోసిన పనలు కుప్ప వేయించాలి. తెల్లారకముందే చేలో నిలబడి కూలీలను కేకలేసే మనిషి. ఆవిణ్ణి మంచాన పడుకోబెట్టాలి. ముందు వాటా ఆయన రోజూ కనిపెడుతూనే ఉన్నాడు. ఆ తల్లికి నిజంగా జబ్బేనా? అయితే కబురు పంపిన కొడుకు విశాఖలోనే ఉన్నాడు, ఓడా అక్కడే ఉంది. జబ్బు లేదా? అయితే కబురే అబద్ధం.

వదినగారు ఇప్పుడడుగుతుంది చూడండి, 'అయ్యో, అప్పుడేం చేసింది?' అని!

ఇక కష్టాలు వాటంతట అవే వరసకట్టి వస్తాయి. అత్తగారికి నిజం చెబుదామా? ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. భావనారాయణస్వామి గుడికి వెళ్లొచ్చేసరికి ఊరంతా తెలిసిపోతుంది. చెప్పకుండా ఉందామా? లేని జబ్బుందని భయపెట్టాలి, పథ్యమని జావ పోయాలి, చేలోకి అడుగు పెట్టనివ్వకూడదు. ఇరుగుపొరుగు ఏమంటారు? 'మొగుడు దగ్గర లేడని కోడలు అత్తను మంచాన పడేసింది, పొలం మీద కన్నేసింది' అంటారు. ఆడపడుచు బాపట్ల నుంచి పరిగెత్తుకొచ్చి నిలదీస్తుంది. తన మంచితనాన్ని నిరూపించుకునే మాట నోటి చివరే ఉంది. ఆ మాట అన్నదంటే భర్త పోతాడు. తుపాకీ పేలకుండానే గుండె దడదడలాడదూ?

ముందు వాటా ఆయన్ను కూడా రాక్షసుణ్ణి చెయ్యొద్దు. పెద్దావిడకు బత్తాయిలు తెచ్చిస్తాడు. మంచం పక్కన కూర్చుని, మా అమ్మకూ ఇలాగే ఆయాసం అంటాడు. అబద్ధమో నిజమో కోడలికి తెలియదు. అతను మంచివాడైన కొద్దీ ఆమెకు అన్నం సహించదు. కొద్ది రోజులకు రేడియోలో ఘాజీ మునిగిందని వార్త వస్తుంది. భర్త క్షేమమని సంతోషించాలి. కానీ ఆ జలాంతర్గామిలో పోయిన ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఓ తల్లి ఉంది. ఇక్కడ తను కల్పించిన జబ్బు అక్కడ ఎందరు తల్లుల దుఃఖమైందో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

ముగింపా? మీ ఇష్టం. నాకైతే ఇలా తోస్తోంది. ఏళ్లు గడిచాయి. అత్తగారు నిజంగానే మంచాన పడింది. కోడలు జావ గ్లాసుతో వస్తే ఆవిడ నవ్వి, 'ఈసారిది నిజం జబ్బేనే అమ్మాయ్' అంటుంది. అంటే ఆవిడకు అప్పుడే తెలుసన్నమాట! ఆనాడు స్టేషన్ నుంచి వచ్చిన చుట్టం మాటలు తలుపు చాటున విన్నదో, కొడుకు పేరు వినగానే గ్రహించిందో. నోరు ఆగదనుకున్న మనిషి అన్నేళ్లు నోరు కట్టేసుకుంది. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటూ ఒకే మనిషిని కాపాడుకున్నారు.

ఇప్పుడు మొత్తం రెండు వాక్యాల్లోకి కుదిద్దాం. '1971 యుద్ధకాలంలో, భర్త ఉన్న ఓడ జాడ శత్రువుకు తెలియకుండా ఉండాలంటే, నిక్షేపంలా ఉన్న అత్తగారిని పది రోజులపాటు జబ్బుమనిషిగా నమ్మించాల్సిన బాధ్యత ఓ పల్లెటూరి కోడలి మీద పడింది. నిజం చెబితే భర్త పోతాడు, చెప్పకపోతే ఊళ్లో ఆమె పరువు పోతుంది.' ఇదండీ పాయింట్. విదేశాలు లేవు, కార్లు లేవు. ఓ మంచం, ఓ జావ గ్లాసు, ముందు వాటాలో ఓ మనిషి.

కాగితం, కలం పట్టేముందు...

* ఎక్కడో లండన్‌లోనో దుబాయ్‌లోనో మొదలెట్టకండి. మీకు తెలిసిన చోటు చాలు. మిర్చి కళ్లం, కోల్డ్ స్టోరేజీ, పత్తి జిన్నింగు మిల్లు, పోస్టాఫీసు, బస్టాండు... అపరిచితుడు వచ్చి వెళితే ఎవరూ గమనించని చోట్లన్నీ గూఢచారి కథకు అనువే.

* గడువు పెట్టండి. 'ఎప్పటికైనా' అంటే బిగువు ఉండదు. పది రోజులు, పెళ్లి ముహూర్తం లోపు, పంట అమ్ముడయ్యే లోపు అంటే చదివేవాళ్లే రోజులు లెక్కపెట్టుకుంటారు.

* చరిత్రలో నిజంగా జరిగిన దాన్ని మార్చకండి. దాని పక్కన ఖాళీ ఉంటుంది, కల్పన అక్కడ పెట్టండి. ఘాజీ మునగడం నిజం, కోడలు కల్పన. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ' ముఖ్యంగా జలాంతర్గామి లోపలి కథ. ఒడ్డున ఉన్నవాళ్ల కథకు చోటు ఇంకా ఉంది.

* సైన్యంలోనో రక్షణ సంస్థల్లోనో పనిచేసే బంధువులు ఇంట్లో మాటల సందర్భంలో చెప్పిన సంగతులు కథలో పెట్టకండి. అధికార రహస్యాల చట్టం 1923 నుంచీ ఉంది. అచ్చయిన పుస్తకాల్లో, పత్రికల్లో దొరికేదే బోలెడు.

* ఉత్త ఆలోచనకు కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు రాసిన తీరుకే ఉంటుంది. 1978లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. కాబట్టి పాయింట్ నోటితో నలుగురికీ చెప్పేముందు, సన్నివేశాల వరసతో సహా కాగితం మీద పెట్టండి. రాసినదాన్ని కాపీరైట్ కార్యాలయంలో రిజిస్టరు చేయించుకోవచ్చు.

చివరగా ఒక్క మాట. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరో ఒకరు ఏళ్ల తరబడి ఓ సంగతిని కడుపులో పెట్టుకుని, పైకి నవ్వుతూ తిరుగుతూనే ఉంటారు. దేన్ని కాపాడటానికి దాస్తున్నారో ఆలోచించండి. వాళ్ల రహస్యం మనకొద్దు. ఆ మోత ఎంత బరువో తెలిస్తే చాలు. బట్టల బీరువాలో ఉన్న ఆ నోటుపుస్తకం తీయండి. కుక్కరు పెట్టి, వదినగారిని పిట్టగోడ దగ్గరకు పిలవండి!